పీఎస్2 ఆటలను ఎక్కువ రెజల్యూషన్‌లో నడిపినప్పుడు నిలువు గీతలు, జంట నీడలు ఎందుకు వస్తున్నాయి?

#1 · నింగిదారి

అందరికీ నమస్కారం. నా దగ్గరున్న ప్లేస్టేషన్ 2 డిస్కులను కంప్యూటర్‌లోకి ఎక్కించుకొని పీసీఎస్‌ఎక్స్2 అనే ఎమ్యులేటర్‌లో, అంటే ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో, ఆడుతున్నాను. నామ్కో వారి ఏస్ కంబాట్ ఆటను అసలు రెజల్యూషన్‌లో నడిపితే బొమ్మ కాస్త మసకగా ఉంటుందే తప్ప ఎక్కడా తేడా కనబడదు. నాలుగు రెట్లకు పెంచగానే విమానం అంచులు, రెక్కల మీది గుర్తులు ఎంతో స్పష్టంగా వస్తున్నాయి. కానీ ఆకాశమంతటా పైనుంచి కిందికి సన్నని నిలువు గీతలు సమాన దూరంలో పడుతున్నాయి. విమానాన్ని ఎటు తిప్పినా ఆ గీతలు కదలవు, తెరకు అతికించినట్టు అక్కడే ఉంటాయి.

రెండో సమస్య షాడో ఆఫ్ ద కొలోసస్‌లో ఉంది. ఎండ పడే రాళ్ల అంచుల పక్కనే, కొంచెం జరిగినట్టుగా, ఇంకొక వెలుగు అంచు కనబడుతోంది. కళ్లద్దాలు మార్చవలసిన వారికి అక్షరాలు రెండుగా కనబడ్డట్టు ఉంటుంది ఆ దృశ్యం. ఈ ఆటను వేరే ల్యాప్‌టాప్‌లో, పీసీఎస్‌ఎక్స్2 పాత 1.6 వెర్షన్‌లో ఆడుతున్నాను.

డ్రైవర్లు కొత్తవి వేసినా, గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించే పద్ధతిని ఓపెన్‌జీఎల్ నుంచి వల్కన్‌కు మార్చినా తేడా రాలేదు. లోపం ఎమ్యులేటర్‌దా, గ్రాఫిక్స్ కార్డుదా, లేక ఆటదేనా? దయచేసి ఏ సెట్టింగ్ నొక్కాలో చెప్పడంతో ఆపకుండా, కారణం కూడా వివరించగలరు.

#2 · త్రిభుజం

నింగిదారి గారూ, కారణం చెప్పే ముందు నాలుగు సంగతులు తెలియాలి.

ఆట నడుస్తుండగా ఎఫ్9 నొక్కితే బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ కార్డు నుంచి ప్రాసెసర్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ రెండరర్‌కు మారుతుంది. అది ఎప్పుడూ అసలు రెజల్యూషన్‌లోనే గీస్తుంది. అప్పుడు గీతలు ఉంటున్నాయా, పోతున్నాయా?

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు సెట్టింగుల్లో మానిటర్ కొలత కాకుండా ఆట లోపలి రెజల్యూషన్‌ను ఎంచుకొని తీయండి. ఆ బొమ్మను ఏదైనా పెయింట్ ప్రోగ్రామ్‌లో పెద్దది చేసి, ఒక గీతకూ పక్క గీతకూ మధ్య ఎన్ని పిక్సెళ్లున్నాయో లెక్కపెట్టండి. రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల దగ్గర విడివిడిగా లెక్కించాలి. గీత మందం ఎంతో కూడా చూడండి.

చివరిది, గ్రాఫిక్స్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ రెండరర్ (గ్రాఫిక్స్ కార్డుతో గీసే పద్ధతి) సవరణలను చేతితో పెట్టుకునే పెట్టెలో టిక్కు ఉందా?

#3 · నింగిదారి

అడిగినవన్నీ చూశాను. ఎఫ్9 నొక్కిన క్షణంలోనే గీతలు పూర్తిగా మాయమవుతున్నాయి, మళ్లీ నొక్కితే తిరిగి వస్తున్నాయి. నాలుగు రెట్ల దగ్గర గీతల మధ్య దూరం 128 పిక్సెళ్లు, మూడు రెట్ల దగ్గర 96, రెండు రెట్ల దగ్గర 64. గీత మందం నాలుగు రెట్ల దగ్గర సరిగ్గా 2 పిక్సెళ్లు, రెండు రెట్ల దగ్గర ఒక్క పిక్సెల్. మీరు చెప్పిన పెట్టెలో టిక్కు ఉంది. వేగం పెంచుకోవడానికంటూ ఒక వీడియో కింద ఇచ్చిన సెట్టింగుల ఫైలును వాడుతున్నాను, దానితోపాటే అది వచ్చినట్టుంది.

#4 · నాలుగు_ఎంబీ

జవాబు ఈ అంకెల్లోనే ఉంది. 128ని 4తో, 96ని 3తో, 64ని 2తో భాగించండి, మూడుసార్లూ 32 వస్తుంది. అంటే అసలు ఆట లెక్కలో ప్రతి 32 పిక్సెళ్లకు ఒక గీత పడుతోంది. కార్డు పాడైతేనో, డ్రైవర్ తప్పు చేస్తేనో గీతలు ఇంత క్రమంగా రావు. ఇది ఆట రాసినవారు ఎంచుకున్న కొలత.

2000 మార్చిలో జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్ 2లో బొమ్మ గీసే చిప్పు పేరు గ్రాఫిక్స్ సింథసైజర్. దానికి ఈనాటి కార్డుల్లో ఉండే షేడర్లు, అంటే ఒక్కో పిక్సెల్ రంగును లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు, లేవు. తెర మీది బొమ్మను మసక చేయాలన్నా, వెలుగు చిమ్మినట్టు చూపాలన్నా, రంగులు మార్చాలన్నా దానికి తెలిసిన ఉపాయం ఒక్కటే. అప్పటికే గీసిన బొమ్మను టెక్స్చర్‌గా, అంటే ఆకారాల మీద అతికించే బొమ్మగా, తీసుకొని, దాని మీదే దీర్ఘచతురస్రాలుగా మళ్లీ మళ్లీ పరచాలి. ఆ పరచడాన్ని చాలా ఆటలు తెర మొత్తానికి ఒకేసారి చేయకుండా నిలువు పట్టీలుగా చేశాయి. 640 పిక్సెళ్ల వెడల్పుకు 32 చొప్పున 20 పట్టీలు.

ఇక గీత మందం సంగతి. ఆ చిప్పు స్థానాలను పిక్సెల్‌లో పదహారో వంతు వరకు లెక్కపెడుతుంది. ఈ ఆటల్లో పట్టీ సున్నా దగ్గర మొదలై 32 దగ్గర ముగియాల్సింది, అరపిక్సెల్ ముందే, 31.5 దగ్గర ముగుస్తుంది. తర్వాతి పట్టీ 32 దగ్గర మొదలవుతుంది. మధ్యలో అరపిక్సెల్ ఖాళీ ఉన్నా అసలు యంత్రం మీద అది ఎప్పటికీ కనబడదు, ఎందుకంటే చిప్పు ఒక్కో పిక్సెల్‌కు ఒక్క బిందువు దగ్గరే ‘ఇది పట్టీలో ఉందా’ అని చూస్తుంది. 31వ పిక్సెల్ బిందువు పట్టీ లోపల ఉంది, 32వ పిక్సెల్ బిందువు పక్క పట్టీలో ఉంది, కనుక ఏ పిక్సెల్ కూడా మిగిలిపోదు. నాలుగు రెట్లకు పెంచినప్పుడు 31.5 కాస్తా 126 అవుతుంది, పక్క పట్టీ 128 దగ్గర మొదలవుతుంది. 126, 127 పిక్సెళ్లను ఎవరూ గీయలేదు. మీరు కొలిచిన రెండు పిక్సెళ్ల గీత అదే.

చుక్కల ముగ్గులో చుక్కలు లెక్కపెట్టుకొని గీత తిప్పుతారు. ఎవరైనా వచ్చి ప్రతి రెండు చుక్కల మధ్య మరో మూడు చుక్కలు పెడితే, గీత అవే చోట్ల తిరిగినా కొన్ని చుక్కలు బయట మిగిలిపోతాయి. ఆట కోడ్ కూడా అలాగే తన చుక్కల లెక్కతో రాసి ఉంది. కనుక ఇందులో ఆట తప్పూ లేదు, కార్డు తప్పూ లేదు. ఆట ఎన్నడూ ఊహించని చోట మనం కొత్త పిక్సెళ్లు పెట్టాం, వాటికి ఏ రంగు రావాలో ఆట ఎక్కడా చెప్పలేదు. ఆ ఖాళీని పూరించే బాధ్యత ఎమ్యులేటర్ మీద పడుతుంది.

#5 · కొండపల్లి_బొమ్మ

నాలుగు_ఎంబీ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. ఒక సందేహం మిగిలింది. తెర మొత్తానికి ఒకే పెద్ద దీర్ఘచతురస్రం గీస్తే పని అయిపోయేది కదా? ఇరవై ముక్కలు చేయవలసిన అవసరం ఆట రాసినవారికి ఎందుకు కలిగింది?

#6 · నాలుగు_ఎంబీ

వేగం కోసం, కొండపల్లి_బొమ్మ గారూ. ఆ చిప్పులో ఉన్న 4 ఎంబీ మెమొరీ 8 కేబీ పేజీలుగా విభజించి ఉంటుంది. 32 బిట్ల రంగుతో గీసే బొమ్మలో ఒక పేజీ 64 పిక్సెళ్ల వెడల్పు, 32 పిక్సెళ్ల ఎత్తు గల ముక్కకు సరిపోతుంది. పేజీ లోపలే పని జరుగుతున్నంతసేపూ మెమొరీ చాలా వేగంగా అందుతుంది, పేజీ దాటిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది. వెడల్పాటి దీర్ఘచతురస్రాన్ని వరుస తర్వాత వరుసగా గీస్తే ప్రతి వరుసలోనూ పది పేజీలు దాటాలి. అదే సన్నని పట్టీగా గీస్తే 32 వరుసల వరకు ఒక పేజీలోనే ఉంటూ కిందికి దిగవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు అందించవలసిన ఆటకు ఆ తేడా చాలా పెద్దది.

ఆ 4 ఎంబీ ఎంత ఇరుకో కూడా చూడండి. 640కి 448 బొమ్మ ఒక్కటి 32 బిట్ల రంగుతో 11,46,880 బైట్లు తీసుకుంటుంది. గీస్తున్న బొమ్మ, చూపిస్తున్న బొమ్మ, లోతు లెక్కల బఫర్ కలిపితే 34 లక్షల బైట్లు దాటుతాయి. టెక్స్చర్లకు మిగిలేది 736 కేబీ. అందుకే ఆ రోజుల్లో ఒకే చోటును ఒక క్షణం బొమ్మగా, మరుక్షణం టెక్స్చర్‌గా, ఇంకో క్షణం రంగుల పట్టికగా వాడుకున్నారు. అక్కడక్కడా 32 బిట్ల బొమ్మను 8 బిట్ల టెక్స్చర్‌గా చదివి, ఎరుపునో ఆకుపచ్చనో విడిగా బయటికి లాగేవారు. మెమొరీలో పిక్సెళ్లు ఏ క్రమంలో సర్ది ఉంటాయో తెలిసి, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు గల బుల్లి ముక్కలతో చేసిన పని అది. బొమ్మను పెంచితే మెమొరీలోని ఆ సర్దుబాటు బొమ్మతోపాటు పెరగదు. కనుక ఎమ్యులేటర్ ‘ఇది రంగును విడదీసే పని’ అని గుర్తుపట్టి, తానే ఒక షేడర్‌తో ఆ ఫలితాన్ని తేవాలి. గుర్తుపట్టలేకపోతే తెరంతా గళ్ల గళ్లుగా, వింత రంగుల్లో కనబడుతుంది. ఆ చిప్పును ఇంత లోతుగా ఎరిగి పనిచేసినవారి మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

#7 · త్రిభుజం

ఇప్పుడు సెట్టింగుల సంగతి. పీసీఎస్‌ఎక్స్2తో పాటు ఆటల పట్టిక ఒకటి వస్తుంది. ఏ ఆటకు ఏ సవరణ కావాలో అందులో రాసి ఉంటుంది, డిస్కు సంఖ్యను బట్టి ఆ సవరణలు వాటంతట అవే అమలవుతాయి. కానీ చేతితో సవరణలు పెట్టుకునే పెట్టెలో టిక్కు పెట్టిన మరుక్షణం, ఆ పట్టికలోని గ్రాఫిక్స్ సవరణలను ఎమ్యులేటర్ పక్కన పెట్టేస్తుంది. మీరు విడిగా ఏమీ ఎంచుకోకపోతే ఆట ఏ సవరణా లేకుండా నడుస్తుంది. నా అంచనా ప్రకారం మీ మొదటి సమస్యకు కారణం అంతే. ముందుగా ఆ టిక్కు తీసి చూడండి.

పట్టికలో లేని ఆటకో, పట్టికలో ఉన్నది చాలని ఆటకో మాత్రమే చేతితో పెట్టుకోవాలి. అదికూడా అన్ని ఆటలకూ వర్తించేలా కాకుండా, ఆ ఒక్క ఆట సెట్టింగుల్లోనే పెట్టాలి. నామ్కో ఆటల నిలువు గీతలకు ఉద్దేశించినది అలైన్ స్ప్రైట్. ఏస్ కంబాట్, టెక్కెన్, సోల్ కాలిబర్ ఆటలకు అదే మందు. పట్టీ ముగిసే చోటును అరపిక్సెల్ ముందుకు జరిపి, నాలుగు_ఎంబీ గారు చెప్పిన ఖాళీని అది మూస్తుంది. మెర్జ్ స్ప్రైట్ పట్టీలన్నింటినీ కలిపి ఒకే పెద్ద దీర్ఘచతురస్రంగా గీస్తుంది, ఈనాటి కార్డులకు పేజీల బెడద లేదు కనుక నష్టమేమీ ఉండదు. రౌండ్ స్ప్రైట్ రెండు కొలతల బొమ్మల్లో, అక్షరాల చుట్టూ కనబడే గీతలకు పనికివస్తుంది. వైల్డ్ ఆర్మ్స్ ఆటల్లో అక్షరాలు విరిగినట్టు కనబడటానికి ప్రత్యేకంగా ఇంకొక సవరణ ఉంది.

ఒక హెచ్చరిక. వీటన్నింటినీ ఒకేసారి పెట్టేయమని సలహా ఇచ్చే వీడియోలు చాలా ఉన్నాయి. వాటిని నమ్మకండి. ఒక ఆటను బాగుచేసే సవరణ మరో ఆటలో కొత్త గీతలు తెస్తుంది. ఒకటి పెట్టి, అదే దృశ్యాన్ని చూసి, ప్రయోజనం లేకపోతే తీసేసి, ఆ తర్వాతే రెండోది పెట్టాలి.

#8 · నింగిదారి

టిక్కు తీశాను. ఏస్ కంబాట్‌లో గీతలు పూర్తిగా పోయాయి. ఆకాశం ఏ అతుకూ లేకుండా ఉంది. త్రిభుజం గారికి, నాలుగు_ఎంబీ గారికి ధన్యవాదాలు.

కొలోసస్ సమస్యకు మాత్రం ఈ వివరణ సరిపోయేలా లేదు. అక్కడ గీత లేదు, ఖాళీ లేదు, వెలుగే పక్కకు జరిగింది. రెట్లు పెంచేకొద్దీ జరుగుడు కూడా పెరుగుతోంది.

#9 · నాలుగు_ఎంబీ

అవును, అది వేరే జాతి లోపం. మూలం మాత్రం మళ్లీ అరపిక్సెలే.

వెలుగు చిమ్మినట్టు చూపడానికి ఆటలు బొమ్మను సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి తగ్గించి, మసక చేసి, దాన్ని తిరిగి పెద్దది చేసి అసలు బొమ్మ మీద కలుపుతాయి. తగ్గించేటప్పుడు చదివే స్థానాన్ని అరపిక్సెల్ పక్కకు జరుపుతాయి. అలా జరిపితే పక్క పిక్సెళ్ల రంగులను కలిపే ఫిల్టర్ సరిగ్గా నాలుగు పిక్సెళ్ల నడుమ నిలబడి ఆ నాలుగింటి సగటు ఇస్తుంది. మసక చేసే పనిలో కొంత భాగం ఉచితంగా జరిగిపోతుంది.

ఇప్పుడు నాలుగు రెట్లు పెంచాం. ఆట చెప్పిన అరపిక్సెల్ ఇప్పుడు రెండు పిక్సెళ్లు అయింది. నాలుగు పిక్సెళ్ల నడుమ నిలబడటానికి కావలసింది మాత్రం ఇప్పటికీ కొత్త కొలతలో అరపిక్సెలే. మిగిలిన ఒకటిన్నర పిక్సెళ్లు వట్టి జరుగుడు. మొదటి మెట్టులో ఇది 1.5 పిక్సెళ్లు. రెండో మెట్టులో సగం కొలత బొమ్మ మీద 1.5 జరిగితే, పెద్దది చేసినప్పుడు అది 3 అవుతుంది. మూడో మెట్టులోనూ ఇదే జరిగితే 6. మూడు మెట్లున్న ఆటలో మొత్తం పదిన్నర పిక్సెళ్లు, అన్నీ ఒకే దిక్కుకు. మీరు చూస్తున్న రెండో అంచు అలా పుడుతుంది. రెండు రెట్ల దగ్గర ఒక్కో మెట్టు జరుగుడు అర పిక్సెలే కనుక కన్ను అంతగా పట్టదు.

దీనికి ఉద్దేశించినది హాఫ్ పిక్సెల్ ఆఫ్‌సెట్. అందులో పలు రకాలున్నాయి. ఒకటి గీసే స్థానాన్ని జరుపుతుంది, ఇంకొకటి చదివే స్థానాన్ని జరుపుతుంది, కొత్త వెర్షన్లలో అసలు రెజల్యూషన్ గళ్లకే సరిచేసే రకం కూడా వచ్చింది. వీటికంటే తర్వాత వచ్చిన నేటివ్ స్కేలింగ్ ఆలోచన నాకు మరింత నచ్చింది. బొమ్మను తగ్గించి పెంచే మెట్లను మాత్రం గుర్తుపట్టి, వాటిని అసలు రెజల్యూషన్‌లోనే జరిపి, మిగతా ఆటను పెద్ద రెజల్యూషన్‌లో గీస్తుంది. ఎలాగూ మసక చేయవలసిన బొమ్మను పెద్దది చేసి ప్రయోజనం లేదు కదా. పైగా ఎక్కువ పిక్సెళ్ల మీద అదే మసక చేస్తే వెలుగు వ్యాప్తి తగ్గి, ఆట అసలు వాతావరణమే మారిపోతుంది.

#10 · త్రిభుజం

దీనికి ఒక్క మాట కలుపుతాను. నింగిదారి గారూ, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న 1.6 వెర్షన్ 2020 నాటిది. ఆటల పట్టికనుంచి గ్రాఫిక్స్ సవరణలు వాటంతట అవి రావడం ఆ తర్వాత మొదలైంది. 2024 జులైలో 2.0 విడుదలైంది. కొత్త వెర్షన్‌ను వేరే ఫోల్డర్‌లో పెట్టి, మెమొరీ కార్డు ఫైళ్లను మాత్రం కాపీ చేసుకోండి. పాత సెట్టింగులను వెంట తీసుకురాకండి. పాత సేవ్ స్టేట్లు (ఆటను ఉన్న క్షణంలో ఉన్నట్టే ఎమ్యులేటర్ దాచిన ఫైళ్లు) కొత్త వెర్షన్‌లో తెరుచుకోవు, కనుక ముందుగా ఆట లోపలి సేవ్ పాయింట్ దగ్గర భద్రపరచుకోవడం మంచిది.

#11 · పాత_డిస్కు

ఈ చర్చ మొత్తం చదివాను. నా అభిప్రాయం వేరుగా ఉంది, మన్నించాలి. ఆట రాసినవారు 640కి 448 పిక్సెళ్లను, డబ్బా టీవీ తెరను మనసులో పెట్టుకొని ప్రతి అరపిక్సెల్‌నూ ఎంచారని మీరే చెబుతున్నారు. అటువంటప్పుడు దాన్ని నాలుగు రెట్లు సాగదీసి, ఆ తర్వాత పుట్టిన లోపాలకు మందులు వెతకడం ఎందుకు? అసలు రెజల్యూషన్‌లో సాఫ్ట్‌వేర్ రెండరర్‌తో నడిపి, పైన పాత టీవీ తెరను అనుకరించే ఫిల్టర్ పెట్టుకుంటే ఆట వారు తలచిన రూపంలోనే కనబడుతుంది. పాత టీవీలో ఆడినవారికి అందులోని మెత్తదనం ఎంత బాగుండేదో తెలుసు.

#12 · పడమటి_తీరం

పాత_డిస్కు గారి మాటలో న్యాయం ఉంది. పిక్సెల్ పిక్సెల్ చేత్తో గీసిన రెండు కొలతల ఆటలకు నేను కూడా అదే చేస్తాను. కానీ మూడు కొలతల ఆటల సంగతి వేరు. దూరంగా ఉన్న శత్రు విమానం అసలు రెజల్యూషన్‌లో మూడు నాలుగు పిక్సెళ్ల మచ్చ. ఆట మెమొరీలో మాత్రం దానికి రెక్కలు, తోక, వాటి కోణాలు అన్నీ ఉన్నాయి. ఆట రాసినవారు వాటిని కూడా శ్రమపడి చెక్కారు, ఆనాటి తెర వాటిని చూపలేకపోయింది. పెద్ద రెజల్యూషన్‌లో చూడటం ఆ శ్రమను గౌరవించడమే అని నేను నమ్ముతాను.

ఇద్దరికీ నచ్చే దారి ఒకటుంది. 2024లో పారలెల్-జీఎస్ అనే రెండరర్ వచ్చింది. గ్రాఫిక్స్ సింథసైజర్ పనినంతా మెమొరీ సర్దుబాటుతో సహా ఉన్నదున్నట్టుగా వల్కన్ కంప్యూట్ షేడర్లలో చేస్తుంది. అది పిక్సెళ్ల గళ్లను మార్చకుండా, ఒక్కో పిక్సెల్ లోపల 16 వరకు నమూనాలు తీసుకొని సగటు చేస్తుంది. ఆట లెక్కలేవీ తప్పవు కనుక పట్టీల గీతలు, వెలుగు జరుగుడు పుట్టే అవకాశమే చాలా వరకు ఉండదు, అంచుల మెట్లు కూడా పోతాయి. దానికి మంచి కార్డు కావాలి.

#13 · పాత_డిస్కు

మూడు కొలతల ఆటల గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. అందులో ఉన్నది మెత్తని బొమ్మే అయితే నాకూ అభ్యంతరం లేదు, ఆ రెండరర్‌ను ప్రయత్నిస్తాను. రెండు కొలతల ఆటల విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

#14 · ఓరుగల్లు_పిక్సెల్

నింటెండో 64 ఆటల్లో నాకు అడ్డగీతలు వస్తున్నాయి. మెనూల వెనుక ఉండే పెద్ద బొమ్మల్లో, స్థిరంగా ఉండే నేపథ్య చిత్రాల్లో మాత్రమే కనబడుతున్నాయి. మూడు కొలతల దృశ్యాల్లో లేవు. ఇది కూడా పేజీల వల్లనేనా?

#15 · నాలుగు_ఎంబీ

పేజీలు కాదు, కానీ ఇరుకు అదే. 1996లో వచ్చిన ఆ యంత్రంలో టెక్స్చర్‌ను గీసే ముందు ఉంచే చోటు కేవలం 4 కేబీ. 320 పిక్సెళ్ల వెడల్పు గల 16 బిట్ల బొమ్మలో ఒక వరుసకు 640 బైట్లు కావాలి. 4,096ను 640తో భాగిస్తే ఆరు వరుసలకు మించి పట్టవు. 240 వరుసల నేపథ్యాన్ని ఆరు చొప్పున నలభై పట్టీలుగా తెచ్చి గీయవలసిందే. ఒక పట్టీ గీస్తున్నప్పుడు పక్క పట్టీ వరుసలు మెమొరీలో ఉండవు. పెంచిన రెజల్యూషన్‌లో ఫిల్టర్ పట్టీ అంచు దగ్గర పక్క వరుసను అడుగుతుంది, అక్కడ సరైన రంగు దొరకదు. అదే మీ అడ్డగీత. గీతల దూరాన్ని మీ రెట్లతో భాగించి చూడండి, పట్టీ ఎత్తు తెలుస్తుంది.

దీనికి తేలికైన దారి, ఇలాంటి దీర్ఘచతురస్రాలను మాత్రం అసలు రెజల్యూషన్‌లో గీయమనడం. ఎమ్యులేటర్లలో నింటెండో 64 బొమ్మలను గీసే గ్లైడెన్64లోనూ, పారలెల్-ఆర్‌డీపీలోనూ అందుకు సెట్టింగ్ ఉంది. అక్షరాలు కొంచెం మొద్దుగా కనబడతాయి, గీతలు పోతాయి.

#16 · పడమటి_తీరం

యంత్రాల సంగతి వచ్చింది కనుక, నింటెండో వారి గేమ్‌క్యూబ్‌లో నేను చూసిన అన్నింటికంటే సూక్ష్మమైన లోపం ఒకటి చెబుతాను. దాన్ని చాలామంది లోపంగానే గుర్తించరు.

దూరంగా ఉన్న వస్తువులకు వాడటానికి ప్రతి టెక్స్చర్‌కూ చిన్న చిన్న నకళ్లు ఉంటాయి. వాటిని మిప్‌మ్యాప్‌లంటారు. ఒక పిక్సెల్‌లో టెక్స్చర్ ఎంత పడుతోందో చూసి, ఏ నకలు వాడాలో చిప్పు నిర్ణయిస్తుంది. మామూలుగా నకళ్లన్నీ ఒకే బొమ్మ. 2002లో వచ్చిన సూపర్ మారియో సన్‌షైన్‌లో సముద్రానికి మాత్రం నకళ్లలో వేర్వేరు బొమ్మలు పెట్టారు. దగ్గరి నీరు తేటగా, కొంత దూరాన ఎండ తళుకులతో, ఇంకా దూరాన మళ్లీ ప్రశాంతంగా కనబడేది అందువల్లే. షేడర్లు లేని యంత్రం మీద అంత చక్కని నీటిని సాధించిన పద్ధతి అది.

రెజల్యూషన్‌ను రెట్టింపు చేస్తే ఒక్కో పిక్సెల్‌లో పడే టెక్స్చర్ సగమవుతుంది, చిప్పు ఒక మెట్టు పెద్ద నకలును ఎంచుకుంటుంది. నాలుగు రెట్లు పెంచితే రెండు మెట్లు. దాంతో తళుకుల పట్టీ మారియోకు దూరంగా, తీరం నుంచి బాగా లోపలికి వెళ్లిపోతుంది. తెర మీద గీత లేదు, మచ్చ లేదు, నీరు మాత్రం ఆట చిత్రకారులు గీసిన నీరు కాదు. డాల్ఫిన్ ఎమ్యులేటర్‌లో 2018లో చేర్చిన సెట్టింగ్ ఒకటి ఈ నకళ్లను పోల్చి చూస్తుంది. కేవలం కుదించినవి కాకుండా వేర్వేరు బొమ్మలని తేలితే, అసలు రెజల్యూషన్‌లో ఏ నకలు వచ్చేదో దాన్నే ఎంచుకుంటుంది. డాల్ఫిన్ సెట్టింగుల్లో ఆర్బిట్రరీ మిప్‌మ్యాప్ డిటెక్షన్ అనే పేరుతో ఉంటుంది, తప్పక పెట్టుకోండి. అక్షరాల చుట్టూ గీతలు వచ్చే ఆటలకు వర్టెక్స్ రౌండింగ్ ఉంది, దాన్ని అవసరమైన ఆటకే పెట్టాలి.

#17 · కొండపల్లి_బొమ్మ

మొదటి ప్లేస్టేషన్ గురించి కూడా ఎవరైనా రెండు ముక్కలు చెప్పగలరా? రెజల్యూషన్ పెంచినా గోడలు, ముఖాలు వణుకుతూనే ఉన్నాయి.

#18 · త్రిభుజం

ఆ వణుకు పెంచడం వల్ల వచ్చింది కాదు, 1994లో యంత్రం వచ్చినప్పటినుంచీ ఉన్నదే. దాని లెక్కల విభాగం త్రిభుజాల కొనలను పూర్తి పిక్సెళ్లకు కుదించి పంపుతుంది, దశాంశాలు అక్కడే పోతాయి. కొనల లోతు కూడా గీసే చిప్పుకు చేరదు కనుక నేల మీది గళ్లు వంకరపోతాయి. పెద్ద తెర మీద ఆ గెంతులు ఇంకా బాగా కనబడతాయి. మొదటి ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ డక్‌స్టేషన్‌లో పీజీఎక్స్‌పీ అనే సెట్టింగ్ పెట్టుకుంటే, పోయిన దశాంశాలను ఎమ్యులేటర్ పక్కన దాచి, గీసేటప్పుడు తిరిగి జతచేస్తుంది. కొన్ని ఆటలు కొనలను మధ్యలో సొంతంగా సవరించుకుంటాయి. అప్పుడు జత తప్పి త్రిభుజాలు మాయం కావచ్చు. అటువంటి ఆటకు మాత్రం దాన్ని తీసేయండి.

#19 · పాత_డిస్కు

ఒక విన్నపం. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్ 2009లో పీఎస్2 మీద వచ్చింది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర చేసిన దేశీ అడ్డా కూడా వచ్చింది. ఏస్ కంబాట్‌ను ప్రపంచమంతా ఆడింది కనుక దాని లోపాలు ఎవరో ఒకరు పట్టుకున్నారు, పట్టికలోకి ఎక్కించారు. మన ఆటల డిస్కులు ఎక్కువగా మన దగ్గరే ఉన్నాయి. వాటిని పెద్ద రెజల్యూషన్‌లో జాగ్రత్తగా పరీక్షించేవారు మనలోనే ఉండాలి. నా దగ్గర హనుమాన్ డిస్కు ఉంది. ఎలా పరీక్షించాలో, దొరికినదాన్ని ఎలా అందజేయాలో చెబితే ఆ పని నేను మొదలుపెడతాను.

#20 · నింగిదారి

2.0 వేశాను. పాత సెట్టింగులేవీ తీసుకురాలేదు. కొలోసస్‌లో రాళ్ల పక్కనున్న రెండో అంచు పోయింది, వెలుగు మాత్రం మునుపటిలాగే విశాలంగా ఉంది. దేశీ అడ్డా మా బంధువుల ఇంట్లో ఉన్నట్టు గుర్తు, అడిగి తెస్తాను. పాత_డిస్కు గారూ, మీరు హనుమాన్ చూడండి, నేను అది చూస్తాను.

#21 · నాలుగు_ఎంబీ

మంచి ఆలోచన. ఇలా చేయండి. ముందుగా ఆటను ఏ సవరణా లేకుండా అసలు రెజల్యూషన్‌లో, సాఫ్ట్‌వేర్ రెండరర్‌తో ఆడి, మెనూలు, మొదటి దశ, నీరు లేదా మంట ఉన్న చోటు, విరామపు తెర చూసుకోండి. మీరు సరిపోల్చవలసిన ప్రమాణం అదే. తర్వాత హార్డ్‌వేర్ రెండరర్‌లో అసలు రెజల్యూషన్‌తో అవే చోట్లు చూడండి. అక్కడే తేడా ఉంటే అది పెంచడం వల్ల వచ్చిన లోపం కాదు, దాన్ని విడిగా రాయాలి. అక్కడ సరిగ్గా ఉండి రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర తేడా వస్తేనే ఈ చర్చలోని సంగతి. రెట్లకు పూర్తి సంఖ్యలే వాడండి.

లోపం కనబడిన ఫ్రేము దగ్గర షిఫ్ట్ పట్టుకొని ఎఫ్8 నొక్కితే, ఆ ఒక్క ఫ్రేములో ఆట గ్రాఫిక్స్ చిప్పుకు పంపిన ఆదేశాలన్నీ ఒక ఫైలుగా భద్రమవుతాయి. ఎమ్యులేటర్ రాసేవారు మీ డిస్కు లేకుండానే ఆ ఫైలుతో అదే ఫ్రేమును తమ దగ్గర మళ్లీ గీసుకొని చూడగలరు. దాంతోపాటు డిస్కు మీది సంఖ్య, ఎమ్యులేటర్ వెర్షన్, మీ కార్డు పేరు, ఎన్ని రెట్ల దగ్గర కనబడిందో, ఎఫ్9 నొక్కితే పోతుందో లేదో రాయండి. గీతలైతే వాటి మధ్య దూరం, మందం రాయడం మరవకండి. ఫైళ్లు సిద్ధమయ్యాక ఇక్కడే పెట్టండి, పట్టికలో చేర్చవలసిన సవరణను కలిసి తేలుద్దాం.